ఆ పుస్తకాలు తూకానికి వేయకండి: ట్రాన్స్‌పోర్టు కంపెనీల యజమానులకు ఒక పాత డ్రైవరు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు ట్రాన్స్‌పోర్టు కంపెనీల యజమానులకు, ఇప్పుడు వారి కుర్చీల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మీ పాత ఆఫీసులు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. వన్‌టౌన్ సందుల్లో బల్ల, ఫోను, గోడకు దుర్గమ్మ పటంతో నడిచిన బుకింగ్ ఆఫీసులు చాలావరకు పోయాయి. ఆటోనగర్‌లో మిగిలినవీ పోతున్నాయి. స్థలం విలువ పెరిగింది, మీ వ్యాపారం కంప్యూటర్లలోకి మారింది, అందులో మేం తప్పుపట్టేది ఏమీ లేదు. ఖాళీ చేసేటప్పుడు బీరువాలకు బేరం కుదురుతుంది, ఇనుప ర్యాకులకూ కుదురుతుంది. అట్టల మీద గుడ్డ అతికించిన పాత రిజిస్టర్లు మాత్రం కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు పోతాయి. ఈ మధ్య అలాంటి ఒక ఆఫీసు ముందు మాలో ఒకరు నిలబడి, బండిలోకి ఎక్కిస్తున్న కట్టల్లోంచి కొన్ని పుస్తకాలు అడిగి తెచ్చుకున్నారు. తూకం వేసే మనిషి డబ్బు తీసుకునే ఇచ్చాడు.

మిగిలిన పుస్తకాల కోసమే ఈ లేఖ. మీ దగ్గర ఉన్న ట్రిప్పు షీట్లు, బత్తా పుస్తకాలు, జీతాల రిజిస్టర్లు తూకానికి వేసే ముందు మాకు ఒక్క మాట చెప్పండి. వాటిలో పేరు ఉన్న ప్రతి డ్రైవరుకు, ప్రతి క్లీనరుకు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా మీ బండి మీద పని చేశారో రాసి, కంపెనీ ముద్ర వేసి ఒక కాగితం ఇవ్వండి. కంపెనీ మూతపడి ఉంటే కుటుంబం తరఫున సంతకం పెట్టి ఇచ్చినా సరే.

మేం ఎవరమో చెప్పాలి. స్టీరింగు వదిలేసిన డ్రైవర్లం. కొందరికి చూపు తగ్గి లైసెన్సు రెన్యువల్ కాలేదు, కొందరికి నడుము పోయింది, కొందరిని పిల్లలు ఇక చాలు నాన్నా అని ఆపేశారు. సాయంత్రాల్లో ఆటోనగర్‌లో ఒక టీ కొట్టు ముందు చేరతాం. గుంటూరు నుంచి కూడా ఇద్దరు ముగ్గురు బస్సెక్కి వస్తారు. బస్సులో డ్రైవరు వెనక సీటే కావాలంటారు, దారి పొడవునా అతని బ్రేకులకు వంకలు పెడుతూ ఉంటారు. అందరం కలిస్తే మాట్లాడుకునేది కంపెనీ రోజుల గురించే. ఫలానా గుమస్తా పీనాసితనం, ఫలానా ఓనరు గారు పండుగకు ఇచ్చిన పంచెల చాపు, జహీరాబాద్ దగ్గర తిన్న రొట్టె, ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో పడిగాపులు. దాదాపు రోజూ అవే కథలు. ఒక్కటి మాత్రం మారుతుంది, ఏడాదికేడాది మా బండ్ల వేగం పెరుగుతోంది. విజయవాడ నుంచి కలకత్తాకు ఎన్ని రాత్రుల్లో చేరాడో చెప్పే ఒక మిత్రుడి లెక్క ప్రకారం ఇంకొన్నేళ్లకు ఆయన బయలుదేరక ముందే చేరిపోతాడు. అడ్డుకోవడానికి మా దగ్గర కాగితం లేదు కాబట్టి నవ్వి ఊరుకుంటాం.

అలాంటి చోటికి ఆ పుస్తకాలు వచ్చాయి.

ట్రిప్పు షీటు చూడని పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. చేతి వెడల్పు కాగితం, కింద కార్బన్ కాపీ. పైన బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, సరుకు ఏమిటి, ఎన్ని టన్నులు. కింద డ్రైవరు చేతికి ఇచ్చిన అడ్వాన్సు. ఆ కింద ఖర్చులు: డీజిలు, పంక్చరు, టోలు, పట్టా (టార్పాలిన్) కుట్టు కూలి, డ్రైవరు బత్తా, క్లీనరు బత్తా. పోలీసులకు, చెక్‌పోస్టులకు పోసిన మామూళ్లు ‘దారి ఖర్చు’ అనే పేరుతో ఒకే గడిలో సర్దుకునేవి. అది ఏమిటో రాసేవాడికి, చదివేవాడికి, కొట్టేసేవాడికి కూడా తెలుసు. మీ నాన్నగారి ఎర్ర సిరా ఎక్కువగా పడింది కూడా ఆ గడిలోనే. మాలో చదువు రానివాళ్లు తమ గుర్తులు తామే కల్పించుకునేవాళ్లు. ఒకాయన పంక్చరుకు సున్నా, చెక్‌పోస్టుకు అడ్డగీత, డీజిలుకు నిలువుగీత పెట్టి పక్కన అంకె వేసేవాడు. ఆ షీటు చూసి గుమస్తా పైసాతో సహా లెక్క కట్టేవాడు. తెచ్చిన పుస్తకంలో ఆ గీతల షీట్లు దొరికాయి. ఆయన ఇప్పుడు లేడు. గీతలు చూడగానే ముగ్గురం ఒకేసారి ఆయన పేరు పలికాం.

అదే కట్టలో మాకు తగువు తీర్చిన షీటు కూడా ఉంది. ఒక మిత్రుడు తాను ఆ కంపెనీలో చేరేనాటికి కృష్ణ మీద కొత్త వంతెన, కనకదుర్గ వారధి, తెరిచారని ఎప్పుడూ వాదిస్తాడు. కాదు, మనం కలిసి గుంటూరు వెళ్లిన మొదటి ట్రిప్పు ప్రకాశం బ్యారేజీ మీదనే అని ఇంకొకరు. 1957లో కట్టిన ఆ బ్యారేజీ మీద నుంచే మద్రాసు రోడ్డు లారీలన్నీ దాటేవి. ఎదురుగా ఇంకో లోడు బండి వస్తే ఇద్దరు డ్రైవర్లూ అద్దాలు మడుచుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ జానెడు సందులో తప్పుకునేవాళ్లం. షీటు తీసి చూస్తే ఖర్చుల్లో ‘సీతానగరం, టీ’ అని ఉంది. సీతానగరం బ్యారేజీ అవతలి ఒడ్డున ఉంది, వారధి మీద పోయే బండికి అక్కడ టీ తాగే పని ఉండదు. దాంతో వాదన ముగిసింది. ఓడిన మనిషి ఇప్పటికీ గుమస్తా తప్పు రాశాడంటున్నాడు.

ఇవన్నీ ముసలివాళ్ల ముచ్చట్లు అని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

బత్తా పుస్తకంలో ఇంకో పద్దు ఉంది, ‘ఇంటికి ఇచ్చినది’ అని. మేం బొంబాయి దారిలోనో అస్సాం దారిలోనో ఉంటే, నెల మొదట్లో మా ఇంటి ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చి ఖర్చులకు డబ్బు తీసుకునేవాళ్లు. గుమస్తా మొత్తం రాసి, ఎదురుగా వాళ్ల వేలిముద్ర వేయించుకునేవాడు. అంటే మీ రిజిస్టర్లలో మేం మాత్రమే కాదు, మా భార్యలూ ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు ఒంటరిగా ఉన్నారు. తన భర్త ఫలానా కంపెనీలో పని చేశాడని చెప్పడానికి ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక రుజువు మీ అటక మీద దుమ్ము పట్టి ఉంది.

క్లీనర్ల సంగతి ఇంకా అన్యాయం. మాకు కనీసం లైసెన్సు పుస్తకమైనా ఉండేది. వాళ్లకు బత్తా గడిలో పేరు తప్ప మరే ఆధారమూ లేదు. ఆ కుర్రవాళ్లు చేసిన పని ఏమిటో కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్లు చూసిన వారికి ఊహకు అందదు. గుంటూరు యార్డులో మిర్చి ఎత్తామంటే సరుకు తేలిక, పరిమాణం ఎక్కువ. టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చుకుంటూ పోతే లోడు కేబిన్‌ను మించి ఆకాశంలోకి లేచేది. దాని పైకెక్కి పట్టా పరిచి, తాళ్లు అటూ ఇటూ విసిరి బిగించేది క్లీనరే. వాన తగిలి ఒక్క వరస తడిసినా అవతల కొనేవాడు ధర తెగ్గొడతాడు, ఆ కోత చివరికి ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. ఆ ఘాటు కేబిన్‌లో రోజుల తరబడి వదిలేది కాదు. ఇల్లు చేరాక పిల్లలను ఎత్తుకోబోతే వాళ్లకు తుమ్ములు వచ్చేవి.

బొంబాయిలో మసీదు బందరు అనే పేటలో సరుకు దించి, రిటర్న్ లోడు ఎత్తుకుని పుణె వైపు ఖండాలా ఘాటు ఎక్కడం అసలు పరీక్ష. 2002లో ఎక్స్‌ప్రెస్ రోడ్డు పూర్తయ్యాక ఎక్కినవాళ్లకు ఆ కష్టం తెలియదు. పాత ఘాటులో బండి మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే క్లీనరు కిందికి దూకి, చేతిలో చెక్క దిమ్మ పట్టుకుని వెనక చక్రం పక్కనే నడిచేవాడు. బండి ఊపిరి తీసుకోవడానికి ఆగిందా, వెంటనే దిమ్మను చక్రం కింద పెట్టాలి. క్షణం ఆలస్యమైతే బండి వెనక్కి దొర్లుతుంది, వెనక వచ్చే లారీ మీద పడుతుంది. ముందు పడేది ఆ కుర్రవాడి కాలి మీద. మళ్లీ బండి కదిలాక దిమ్మ తీసుకుని పరుగెత్తి చక్రం పక్కకు చేరాలి. వర్షాకాలపు రాత్రి, డీజిలు పొగలో, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు ఈ పని చేశారు. మమ్మల్ని ‘గురువు గారూ’ అని పిలిచేవాళ్లు. బండి తోలడం వాళ్లకు మేం నేర్పాం, మరి వాళ్లకు పనివాడనే పేరు ఎవరు ఇవ్వాలి?

చట్టం ఇవ్వమనే చెప్పింది. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అయిదుగురూ ఆ పైన పనివాళ్లున్న రవాణా సంస్థలన్నిటికీ అది వర్తించేది. కార్మికుడు అనే నిర్వచనంలో డ్రైవరుతో పాటు క్లీనరు, బుకింగ్ గుమస్తా, చివరికి కాపలాదారు కూడా ఉండేవారు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు పని అని అందులో రాశారు. పిల్లలను పనిలో పెట్టుకోకూడదనీ రాశారు. ఆ సెక్షన్ల గురించి మాకు తెలిసింది బండ్లు దిగాకే. బండి మీద ఉన్నంతకాలం మేం ఎరిగిన పనిగంట ఒక్కటే, సరుకు చేరే గంట.

ఇక ప్రావిడెంట్ ఫండ్ 1952 నాటి చట్టం. ఇరవై మందీ ఆ పైన పనివాళ్లుంటే కట్టాలి. 1995 నవంబరు నుంచి దానికి ఉద్యోగుల పింఛను పథకం కూడా జత అయింది, పదేళ్ల సర్వీసు ఉంటే పింఛను వస్తుంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పది మందీ ఆ పైన ఉన్న సంస్థలకు. అయిదేళ్లు ఒక చోట చేస్తే ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇవ్వాలి. చాలా కంపెనీల్లో ఒక బండి తండ్రి పేరున, ఒకటి తల్లి పేరున, ఒకటి బావమరిది పేరున, ఒకటి ఇంకా బడికి వెళ్లే కొడుకు పేరున ఉండేది. బోర్డు ఒకటే, గుమస్తా ఒకడే, డీజిలు ఖాతా ఒకటే. పనివాళ్ల లెక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరి బండి వారిదే, ఎవరి దగ్గరా అయిదుగురు లేరు. ఇందులో అందరినీ ఒకే గాటన కట్టను. నెలనెలా పీఎఫ్ కోసి సక్రమంగా కట్టిన యజమానులూ ఉన్నారు. అక్కడ పని చేసిన మా వాళ్లలో కొందరికి ఆ ఖాతా నంబరు తెలియదు, అంతే. జీతాల రిజిస్టరు దొరికితే నంబరు దొరుకుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి మాకు ఏమీ రావడం లేదని అనను. ఈ రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు అయింది, అర్హత ఉన్నవాళ్లం తీసుకుంటున్నాం. అది ముసలివాళ్లం అయినందుకు ఇచ్చేది, పని చేసినందుకు ఇచ్చేది కాదు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ తెరిస్తే సంబరపడ్డాం. యాభై తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు నమోదు లేదన్నారు. ఆటోలు, ట్యాక్సీలు సొంతంగా తోలుకునే వారికి ఏటా సాయం చేసే పథకాలు వచ్చాయి. వారికి రావలసిందే, మాకు అసూయ లేదు. అయితే జీతానికి లారీ తోలినవాడు ఏ జాబితాలోనూ ఇమడడు. సొంత బండి ఉంటే ఆర్‌సీ పుస్తకం చూపించేవాడు. కంపెనీ బండి తోలినవాడు చూపించవలసింది కంపెనీ కాగితమే.

మీకు భయం ఉందని తెలుసు. పుస్తకాలు తెరిస్తే పాత బాకీలు తవ్వుతారనీ, ప్లీడరు నోటీసులు వస్తాయనీ. ఎవరూ ఏమీ అడగరని నేను హామీ ఇవ్వలేను. జీతంలో పీఎఫ్ కోసి కట్టనివారు ఎవరైనా ఉంటే వారిని అడుగుతారు, అడగాలి కూడా. మాలో చాలామంది కోరేది మాత్రం సర్వీసు కాగితమే. మనవడు స్కూలు ఫారంలో ‘తాతగారి వృత్తి’ అనే చోట ఏం రాయాలని అడిగితే మా మిత్రుడు ఒకడు కాసేపు తటపటాయించి ‘వ్యవసాయం’ అని రాయించాడు. అతనికి సెంటు భూమి లేదు. ఆ మాట అన్న సాయంత్రం అతని మీద అందరం విరుచుకుపడ్డాం. నిరూపించమంటే ఏం చూపించను అని అతను ఎదురు ప్రశ్న వేశాడు.

చిన్న ఓనరు గార్లకు ఇంకో మాట. డ్రైవర్లు దొరకడం లేదని, బండ్లు షెడ్డులో నిలబడుతున్నాయని మీరు మీటింగుల్లో అంటున్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే. ఇంజను బానెట్ మీద తడి గోనె పరిచి, దాని ఆవిరి పీలుస్తూ ఒంగోలు ఎండలో పోయిన మాకు అది విని కళ్లు చల్లబడ్డాయి. అయినా ఏసీ పెడితే చాలదు. మా కొడుకుల్లో లారీ ఎక్కినవాడిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లు చిన్నప్పటి నుంచీ చూసింది తండ్రి వాసన, తండ్రి నిద్ర, చివరికి తండ్రి ఖాళీ చేతులు. బండి దిగేనాడు కనీసం ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టే కంపెనీ అని ఊళ్లో పేరు వస్తే మీ దగ్గరకు మనుషులు వస్తారు. మీ నాన్నగార్లలో కొందరికి ఈ సంగతి తెలుసు. ప్రమాదంలో డ్రైవరు పోతే స్వయంగా శవాన్ని ఇంటికి తెచ్చి, పెద్ద కర్మ దాకా ఉండి, కూతురి పెళ్లికి డబ్బు పంపిన మనిషి దగ్గర నేను పని చేశాను. ఆయన కూడా ఆ సాయాన్ని రిజిస్టరులో రాయలేదు. అడిగితే అదేం లెక్కయ్యా అనేవారు.

ఈ ఊరు లారీల మీద ఎదిగింది. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు ఇక్కడ కలిశాయి కాబట్టి ఆటోనగర్ వచ్చింది. తొట్టి కట్టే వడ్రంగులు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) మార్చే మేస్త్రీలు, వెనక తలుపు మీద నెమలి బొమ్మలు వేసే పెయింటర్లు వచ్చారు. నూజివీడు మామిడి ఢిల్లీకి, కైకలూరు చేపలు హౌరాకు, గుంటూరు మిర్చి దేశమంతటికీ పోయింది. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ మునిగినప్పుడు సహాయం మోసుకుపోయిన లారీల మీద ఎవరున్నారో ఎక్కడైనా రాసి ఉందా? ఎవరి ట్రిప్పు షీటులోనో ‘అవనిగడ్డ, బియ్యం’ అని ఒక వరస ఉండే ఉంటుంది. బాడుగ గడి ఖాళీగా ఉండే ఉంటుంది. చూడాలని ఉంది.

ఇక పని మాట. పుస్తకాలన్నీ మాకే ఇచ్చేయమని అడగడం లేదు. ఇస్తే సంతోషం. ఇవ్వడం ఇష్టం లేకపోతే మీ ఆఫీసులోనే ఒక మూల బల్ల వేయండి, మేం వచ్చి పేజీలు తిప్పుకుంటాం. మా పిల్లలు ఫోనుతో ఫొటోలు తీస్తారు, పేర్లు, సంవత్సరాలు ఒక జాబితాగా రాసిస్తారు. మీ గుమస్తా సరిచూసి ముద్ర వేస్తే చాలు. మీ లాభనష్టాల పుస్తకాలు, పన్నుల లెక్కలు మాకు అక్కర్లేదు, వాటిని పక్కకు తీసేసే మాకు చూపించండి. చేతిరాతలు చదవడం మీవల్ల కాకపోతే మా దగ్గర ఒక పాత బుకింగ్ గుమస్తా గారు ఉన్నారు. ఏ రాత ఎవరిదో ఆయన చెప్పగలరు, గీతల షీట్లతో సహా.

వానలు ముదరక ముందే చేస్తే మేలు. అటకలు కారుతున్నాయి, చెదలు పట్టాయి, మా సంగతి సరే సరి. ఆదివారం కాకుండా ఏ రోజైనా సాయంత్రం ఆటోనగర్‌లో ఏ మెకానిక్కును అడిగినా మేం కూర్చునే చోటు చూపిస్తాడు. కబురు పెడితే మనుషులను మేమే పంపిస్తాం, కట్టలు మోయడానికి హమాలీ కూలి కూడా మాదే.

ఇట్లు,
విశ్రాంత లారీ డ్రైవర్ల తరఫున ఒక డ్రైవరు,
ఆటోనగర్, విజయవాడ